ఇంకా ఎర్రగానే ఉన్నాయి

ఒద్దయార్గా,
జూన్ 5

నా పేరు రావ్నా. ఆంతే కూతురిని, చనిపోయిన హెన్రిక్ భార్యను. వయసు ఎనభై ఆరు. ఏటి మలుపులో ఉన్న ఇంట్లో ఉంటాను. నాతో పాటు చాహ్పే అనే నల్ల కుక్క, గల్బ్బా అనే ముసలి మచ్చిక రెయిన్‌డీర్ ఉంటాయి. ఇంకెవరూ లేరు, అవసరమూ లేదు. నాకు అక్షరం ముక్క రాదు. నేను బడికి వెళ్ళాల్సిన ఏట, యుద్ధంలో, జర్మన్లు బడినీ మా ఇంటినీ కలిపే తగలబెట్టారు. మళ్ళీ కట్టేసరికి నేను మంద వెంట కొండల్లో ఉన్నాను. అందుకని చెప్పేది నేను, రాసేది పక్కింటి క్లెమెత్. పోస్టు బండి నడిపి రిటైరైన మనిషి కాబట్టి ఉత్తరాల మీద గౌరవం ఉంది. చెప్పింది చెప్పినట్టు రాస్తానని మాటిచ్చాడు.

రిస్టెన్, నా తమ్ముడి కూతురా, ఇది నా వాదన. ఫోన్లో అయితే నా మాట మధ్యలో దూరిపోతావు. కాగితం మీద దూరలేవు. చివరిదాకా చదువు.

నువ్వు పంపిన డబ్బా అందింది. గుడ్డు కన్నా కాస్త పెద్దది, నారింజ రంగు, నెత్తి మీద ఒక మొటిమ, కింద ఒక కొక్కెం. ఇలాంటివి నీ అన్న ఇస్సాత్ తన రెయిన్‌డీర్ మందలో పెద్ద ఆడవాటి మెడలకు కడుతున్నాడని నాకు తెలుసు. ఏ లోయలో మేస్తున్నాయో వంటింట్లో కూర్చుని చూస్తాడు. మంచిదే, అవి నోరున్నవి కావు. నాకు నోరుంది. నా మెడకు గంట కట్టాలని నీకు ఎందుకు పుట్టింది?

నీ అన్న పడవ తాళం దాచేశాడు. "డబ్బా తగిలించుకుంటేనే తాళం అత్తా, లేకపోతే ఏరు దాటేది లేదు" అన్నాడు నా గుమ్మంలో నిలబడి. ఏరు దాటకపోతే కొండ లేదు, చిత్తడి నేల లేదు, అందులో కాసే లూమి పళ్ళు లేవు. ఈ ఇంట్లో కిటికీకి అతుక్కుపోయి కూర్చోవాలి. వాడి ముక్కు నేను తుడిచాను. ఆ ముక్కు పైకెత్తి నాకు షరతులు పెడుతున్నాడు.

పోయిన శరత్కాలం సంగతి తెస్తావని తెలుసు. కాలు మడతపడింది, మట్టి గుడిసెలో పొయ్యి రాజేసుకుని కూర్చున్నాను. కాఫీ ఉంది, ఎండు మాంసం ఉంది. తెల్లారాక కుంటుకుంటూ వద్దామనుకున్నాను. ఈలోగా ఊరంతా కుక్కలతో కొండెక్కింది. రేడియోలో కూడా చెప్పారట, ఒక వృద్ధురాలు తప్పిపోయిందని. తప్పిపోవడమా! ఆ కొండమీద ఏ రాయి ఎక్కడుందో నాకు తెలుసు. ఆ రోజు తప్పిపోయింది నేను కాదు, వాళ్ళు. వాళ్ళకు నేను దొరకలేదు, అంతే.

అలసిపోయాను రిస్టెన్. నడిచి కాదు. నడిచినందుకు సంజాయిషీ చెప్పీ చెప్పీ. నీ అన్నకు ఫోన్ చేసి తాళం ఇప్పించు. డబ్బా క్లెమెత్ చేత వెనక్కి పంపిస్తాను.

ఇక్కడ మంచు కరిగింది, దోమలు ఇంకా లేవలేదు. నువ్వు బక్కచిక్కావని విన్నాను. తిను.

సంతకం బదులు నా మంద చెవి గురుతు కింద గీస్తున్నాను: ఎడమ చెవి కొన కోసి వెనక రెండు గాట్లు, కుడి చెవికి ముందు ఒక గాటు. నా జింకలకు ఇదే, నాకూ ఇదే.

(చెవులు తనే గీసింది. ముక్కు సంగతి రాయొద్దన్నాను, వినలేదు. — క్లెమెత్)


ట్రోమ్సో,
జూన్ 16

రావ్నా అత్తకు,

క్లెమెత్ తాతా, దయచేసి మెల్లగా చదివి వినిపించు. ఆవిడ మధ్యలో లేచి వెళ్ళిపోతే వచ్చేదాకా ఆగు.

అత్తా, డబ్బా వెనక్కి పంపకు. పంపితే మళ్ళీ పంపుతాను. మన ఇద్దరిలో ఎవరు ముందు విసుగెత్తుతారో చూద్దాం. నేను బస్సు నడిపేదాన్ని, రోజూ అదే దారిలో తిరుగుతాను. విసుగులో నాకు నీకన్నా అనుభవం ఎక్కువ.

అది గంట కాదు. కొండమీద ఫోన్ పనిచేయదని నీకు తెలుసు. ఇది ఆకాశంలో తిరిగే ఉపగ్రహంతో మాట్లాడుతుంది. నువ్వు ఎక్కడున్నావో కాసేపటికోసారి చెబుతుంది, నా ఫోన్లో పటం మీద చుక్క పడుతుంది. పక్కనున్న పెద్ద బొత్తాం నొక్కితే "నేను క్షేమం" అని నాకు మాట వస్తుంది. ఎర్ర మూత కింద ఇంకో బొత్తాం ఉంది. అది నొక్కితే హెలికాప్టర్ వస్తుంది. మూత ఊరికే తీయకు, లోపల ఏముందో చూద్దామని అసలే తీయకు.

నాన్న సంగతి నేను ఎత్తను అనుకున్నాను. కానీ ఎత్తకుండా ఈ ఉత్తరం పూర్తి కాదు. వసంతంలో మంచుబండి మీద వెళ్ళాడు, తుఫాను వచ్చింది. మనం ఎక్కడెక్కడ వెతికామో నీకు గుర్తుంది. చివరికి దొరికిన చోటు పక్కనుంచే మూడుసార్లు పోయాం. ఆయన దగ్గర ఇలాంటిది ఒకటి ఉండి ఉంటే బతికేవాడని నేను అనను. తెలిసేది, అంతే. ఎక్కడ వెతకాలో తెలిసేది. ఆ తెలియకపోవడం ఇంకోసారి నా వల్ల కాదు అత్తా. నాకు నలభై ఏడు. నా ఓపిక అప్పుడే చాలావరకు ఖర్చయిపోయింది.

ఒప్పందం ఇది. కొండకు వెళ్ళినప్పుడు మెడలో వేసుకో. చేరాక ఒకసారి, తిరిగి బయలుదేరేటప్పుడు ఒకసారి పెద్ద బొత్తాం నొక్కు. ఆ చుక్క చూసేది నేనూ అన్నయ్యా మాత్రమే. తాళం ఇమ్మని అన్నయ్యకు చెప్పాను.

తింటున్నాను. నువ్వు కూడా ఉత్త కాఫీలో జున్ను ముక్క వేసుకుని అదే భోజనం అనుకోకు.

నీ
రిస్టెన్


ఒద్దయార్గా,
జులై 20

రిస్టెన్‌కు, ఏటి మలుపు రావ్నా చెప్పి రాయించేది.

తాళం వచ్చింది. డబ్బా మెడలో వేసుకున్నాను, ఏరు దాటాను, కొండెక్కాను. చుక్క చూసే ఉంటావు. ఇక నా ఫిర్యాదు.

మొన్న చిత్తడి చేరాక బొత్తాం నొక్కాను. క్షేమం అన్నాను. మధ్యాహ్నం పని మీద ఉండగా నీ అన్న నాలుగు చక్రాల బండేసుకుని, ఇంత బురదా ఎగజిమ్ముతూ వచ్చాడు. "అత్తా, రిస్టెన్ మూడుసార్లు ఫోన్ చేసింది. బయలుదేరే వేళ దాటింది, ఇంకా నొక్కలేదంట, ఏమైంది?" అన్నాడు. ఏమీ కాలేదు. బయలుదేరలేదు కాబట్టి నొక్కలేదు. పొద్దున ఒకసారి బాగున్నానని చెప్పాను కదా. మధ్యాహ్నానికి మళ్ళీ ఎందుకు బాగుండాలి?

మన ఇళ్ళల్లో బాగున్నవాళ్ళు నోరు మూసుకుని బాగుంటారు. ఏదైనా అయితేనే కబురు. నేను బాగున్నాను, నేను బాగున్నాను అని పొద్దస్తమానం అరిచే మనిషిని చూస్తే నాకు అనుమానం. మీ నాన్న వారం పది రోజులు మందతో ఉండి వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పి, కాఫీ ఉందా అనేవాడు. అదే వాడి క్షేమసమాచారం. అప్పట్లో మనకది సరిపోయేది.

ఇది చెబుతుంటే క్లెమెత్ కలం పక్కన పెట్టి, సరిపోలేదు కదా రావ్నా, చివర్లో సరిపోలేదు అన్నాడు. వాడు రాయడానికి వచ్చాడు, మాట్లాడడానికి కాదు. కాఫీ పోయలేదు వాడికి.

పళ్ళు బాగా కట్టాయి ఈ ఏడు. పూత మీద మంచు పడలేదు. రేవులో నా ఆడపడుచు ఎల్లే తగిలింది. నలభై ఏళ్ళుగా నా చిత్తడి ఎక్కడో కూపీ లాగుతూనే ఉంది. తన అన్న, అదే మీ మావయ్య, చచ్చేదాకా దానికి చెప్పలేదు. అది మా అమ్మ నాకు చెప్పిన చోటు, వాళ్ళ ఇంటిది కాదు. ఎల్లే నవ్వుతూ అడిగింది, "వదినా, కొండ మీద పళ్ళు ఎలా ఉన్నాయి?" అని. నేనన్నాను, "ఇంకా ఎర్రగానే ఉన్నాయి."

నీకు గుర్తుండాలి. ఎర్రవి కోస్తే రాళ్ళు, పసుపు తిరిగేదాకా ఆగాలి. నీ చిన్నప్పుడు నా బకెట్ నిండా పసుపు పళ్ళు ఆకు కింద దాచుకుని వస్తుంటే, ఎల్లే ఎదురై అడిగితే నువ్వే ముందు చెప్పేదానివి, కళ్ళు ఆర్పకుండా, "ఇంకా ఎర్రగానే ఉన్నాయి పిన్నీ" అని. నోటి చుట్టూ పసుపు రసం. అప్పుడు నాకు నువ్వు పనికొస్తావనిపించింది.

(చెవి గురుతు, ఎప్పటిలాగే. నాకు కాఫీ పోయని మాట నిజం. — క్లె.)


ట్రోమ్సో,
జులై 29

అత్తా,

అన్నయ్యను పంపినందుకు క్షమించు. బస్సు చివరి స్టాపులో ఆగినప్పుడల్లా ఫోన్ తీసి చూస్తాను. ఎక్కేవాళ్ళు అనుకుంటారు, ఈవిడకు ఎవరో ప్రియుడున్నాడని. ఆ రోజు చుక్క ఒకే చోట ఉండిపోయింది. పొద్దున చూశాను, అక్కడే. తిండి వేళ చూశాను, అక్కడే. పళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయంటున్నావు కదా, అంతసేపు ఆ బురదలో కూర్చుని ఏం చేస్తావు? అడిగితే కోపం వద్దు. తెలుసుకోవాలని అడుగుతున్నాను.

నువ్వు బొత్తాం నొక్కకపోతే నాకు ఏమవుతుందో చెప్పనా? బస్సు నడుపుతూనే ఉంటాను. తలుపులు తీస్తాను, మూస్తాను. ఇంటికొచ్చాక ఏ దారిలో వచ్చానో గుర్తుండదు.

భయపడేది నేనొక్కదాన్నే కాదులే. అన్నయ్య వంటింట్లో మంద కోసం పెట్టుకున్న పెద్ద తెర ఉంది చూడు, నీ చుక్క కూడా అందులోనే కనిపిస్తుంది. మొన్న ఎల్లే పిన్ని కాఫీకి వచ్చినప్పుడు చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుందట. "పాపం ముసలిది, ఎంత దూరం పోతోందో" అందట. చూడు, నువ్వు ఆవిడ గురించి ఊరికే అలా మాట్లాడతావు.

ఒళ్ళు జాగ్రత్త.

రిస్టెన్


ఒద్దయార్గా,
ఆగస్టు 4

రిస్టెన్‌కు.

క్లెమెత్ నీ ఉత్తరం చదువుతూ ఎల్లే పేరు దగ్గర ఆగి, నా ముఖం చూసి, మిగతాది రేపు చదవనా అన్నాడు. అప్పుడే అర్థమైంది.

పాపం ముసలిది! అది జాలిపడి చూసిందనుకున్నావా? దారి చూసుకుంది! ఏ వాగు దగ్గర తిరగాలో, ఏ చెరువు పక్కన ఆగాలో, అంతా నువ్వు చుక్కలు పెట్టి, గీత గీసి, నీ అన్న వంటింట్లో గోడకు తగిలించావు. మా అమ్మ ఆ చోటు నాకు చెప్పింది మంచం మీద, ఊపిరి అందని రోజుల్లో, గదిలోంచి అందర్నీ బయటికి పంపించి. నేను కట్టుకున్నవాడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. నీకు కూడా చూపించాను గానీ, ప్రతిసారీ వేరే దారిలో తీసుకెళ్ళాను, పిల్లవి కదా, నోరు జారతావని. నలభై ఏళ్ళు ఎల్లే చేయలేని పని నీ డబ్బా ఒక్క వేసవిలో చేసిపెట్టింది.

నిన్న ఎల్లే రేవులో కూర్చుని బూట్లకు కొవ్వు రాసుకుంటోంది. పక్కన బకెట్లు. "ఎక్కడికి?" అన్నాను. తలెత్తకుండా అంది, "ఎక్కడికీ లేదు వదినా. ఇంకా ఎర్రగానే ఉన్నాయిగా." నా మాటే నా మీదికి విసిరింది. దాని పెదవి చివర నవ్వు చూడాలి నువ్వు.

చూసేది ఇద్దరే అన్నావు. మాట తప్పావు. నాకు అరవాలని కూడా లేదు, అంత ఓపిక లేదు. నా దగ్గర మిగిలినవి తక్కువ. వాటిలో పెద్దది పోయింది.

ఆ బురదలో ఏం చేస్తావని అడిగావు. అది నీ చుక్కకు సంబంధించిన విషయం కాదు.

చుక్క కావాలన్నావు. చుక్క ఉంటుంది. రోజూ కదులుతుంది కూడా. ఇక నీ అన్నను నా మీదికి తోలకు.

(చెవి గురుతు. ఈసారి కాగితం చిరిగేలా గీసింది. నేను వెనక అతుకు వేశాను. అమ్మాయ్, తను బాగా నొచ్చుకుంది. — క్లెమెత్)


ట్రోమ్సో,
ఆగస్టు 9

అత్తా,

తప్పయింది. తెర సంగతి నేను ఆలోచించలేదు. అన్నయ్యకు ఫోన్ చేసి తిట్టాను. తీసేస్తానన్నాడు, మంద విడదీసే పనిలో ఉన్నాడు, ఎప్పుడు తీస్తాడో. ఈ వేసవికి నీ చిత్తడి పోతే నా మీద కోపం ఉంచుకో, ఉంచుకోవడానికి హక్కుంది.

కానీ ఒక్క మాట. నా మీద అలిగి కూడా డబ్బా వదలకుండా వేసుకున్నావు చూడు, అది చూశాక నాకు ఏడుపొచ్చింది. మొన్నటి నుంచి చుక్క ఎంత చక్కగా కదులుతోందో! పొద్దున్నే లేచి తూర్పు వాలు ఎక్కుతావు, మధ్యాహ్నం గాలి తగిలే గట్టు మీద కూర్చుంటావు, దోమల కోసమేమో. సాయంత్రం వాగులో దిగుతావు. నిన్న ఒక్కరోజే అవతలి కొండ దాకా పోయి వచ్చావు. నా వయసులో నేను నడవలేను అంత. బొత్తాం నొక్కకపోయినా పరవాలేదు. కదులుతోంది కదా, చాలు. నాన్న పోయినప్పటి నుంచి లేని నిద్ర నిన్న పట్టింది నాకు.

రిస్టెన్


ట్రోమ్సో,
ఆగస్టు 18

రావ్నా అత్తకు, ఆసుపత్రి చిరునామాకు. క్లెమెత్ తాత వెళ్ళి చదివి వినిపిస్తానన్నాడు.

కాలు అతికించారని, నర్సులను తిడుతున్నావని విన్నాను. బతికే ఉన్నావు.

ఏం జరిగిందో నా వైపు నుంచి విను. సోమవారం సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు. "రిస్టెన్, పడవ ఇంకా అవతలి ఒడ్డునే ఉంది. వెళ్ళి చూడనా?" అన్నాడు. నేను పటం చూశాను. చుక్క కదులుతోంది. "వద్దులే అన్నయ్యా, హాయిగా నడుస్తోంది. వెళ్తే మళ్ళీ నా మీద పడుతుంది" అన్నాను. విన్నావా? వద్దన్నది నేను. పొద్దున లేచి అన్నయ్యను అడిగితే పడవ అక్కడే, చుక్క మాత్రం రెండు లోయలు దాటి పోతోంది. అప్పుడు భయమేసి హెలికాప్టర్ పంపమన్నాను. మతి తప్పి తిరుగుతోందేమో అన్నాను. వాళ్ళు చుక్క దగ్గరే దిగారు. పైలట్ అక్కడి నుంచే నాతో మాట్లాడాడు. ఎంతో మర్యాదగా అడిగాడు, "అమ్మా, మీ అత్తగారికి కొమ్ములున్నాయా?"

బస్సు ఆపి రోడ్డు పక్కన కూర్చున్నాను. ఎక్కినవాళ్ళందరూ కిటికీల్లోంచి చూస్తున్నారు.

నువ్వు ఎముక విరిగి బురదలో పడి ఉన్న రాత్రి, గల్బ్బా గడ్డి మేస్తుంటే చూసి నేను హాయిగా పడుకున్నాను. నువ్వు ఎల్లే పిన్నిని మోసం చేసినట్టే నన్ను చేశావు. నన్ను!

నాకిక చేతకాదు. పటం ఆపేశాను. పడవ ఒడ్డుకు లాగి అమ్మేయమని అన్నయ్యకు చెప్పాను. నన్ను తిట్టు, శపించు, నాకు ఉత్తరం రాయకు. ఇక నేను దేన్నీ చూస్తూ కూర్చోలేను.

రిస్టెన్


ఒద్దయార్గా,
సెప్టెంబర్ 2

నా పేరు రావ్నా. ఆంతే కూతురిని, చనిపోయిన హెన్రిక్ భార్యను. వయసు ఎనభై ఆరు. ఏటి మలుపు ఇంట్లో, కాలికి మోకాలి దాకా పట్టీతో, కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాను. ఇంట్లో చాహ్పే ఉంది. గల్బ్బా గుమ్మం ముందే ఉంది, మెడలో ఏమీ లేదు. పగలు ఎల్లే ఉంటోంది. ఎందుకో చెబుతాను. రాయొద్దన్నావు. రాసేది క్లెమెత్, నేను కాదు. కాబట్టి నీ మాట నేను తప్పలేదు.

డబ్బా గల్బ్బాకు కట్టింది నేనే. ఎల్లేను అవతలి కొండ మీద తిప్పుదామని. వేరే ఉద్దేశం లేదు. గంట కట్టేది ముందు నడిచేదానికే, మిగతా మంద దాని వెనక పోతుంది. చిన్నప్పటి నుంచి నాకు తెలిసింది అదే. ఈ గంట మోగేది నీ చెవిలోనని, ఆ వెనక నడిచేది నువ్వొక్కదానివేనని నాకు తోచలేదు.

ఆ రోజు గడ్డి దుబ్బుల మధ్య కాలు దిగబడింది. ఒళ్ళు ఇటు తిరిగింది, కాలు అటే ఉంది. చప్పుడు నాకే వినిపించింది. అక్కడ పడుకుని ముందు ఎల్లేను తిట్టాను, తర్వాత నీ అన్నను, తర్వాత మా అమ్మను కూడా. తిట్లు అయిపోయాక చలి వేసింది. చాహ్పే వచ్చి నా మీద పడుకుంది. అప్పుడు నిన్ను తలుచుకున్నాను. ఇప్పుడు చివరి స్టాపులో ఫోన్ తీసి చూస్తూ ఉంటుంది అనుకున్నాను. చూస్తూ ఉంటుంది, గల్బ్బాను. ఎముక కన్నా అది ఎక్కువ నొప్పి పెట్టింది. ఇంతకు మించి ఆ విషయం నా చేత చెప్పించకు.

ఆ బురదలో అంతసేపు ఏం చేస్తావని అడిగావు కదా. మీ నాన్న పాట పాడతాను. వాడికి పదిహేనేళ్ళప్పుడు నేను కట్టిన పాట, వాడి నడక లాగే సగంలో ఆగి, మళ్ళీ లేచి పోతుంది. ఊళ్ళో పాడలేను. ప్రార్థన ఇంటివాళ్ళు ఇలాంటి మన పాత పాటలు పాపమంటారని నీకు తెలుసు, వాళ్ళందరిలో ఎల్లే మరీ గట్టి మనిషి. కొండ మీద అడిగేవాళ్ళు లేరు. పాడుతున్నంతసేపు వాడు అక్కడే ఎక్కడో బూట్లు విప్పుతున్నట్టు ఉంటుంది. పళ్ళు సగమే రిస్టెన్, మిగతా సగం అది. అందుకే ఎవరూ రాకూడదనుకున్నాను. నువ్వు కూడా.

పడిపోయాక ఆ రాత్రంతా పాడాను. వేరే పనేముంది?

పొద్దున్నే బకెట్ల చప్పుడైంది. తలెత్తితే ఎల్లే, కొవ్వు రాసిన బూట్లతో, నా చిత్తడి మధ్యలో. నన్ను చూసి అది భయపడలేదు, నేను సిగ్గుపడలేదు. "ఎలా కనుక్కున్నావే?" అన్నాను. "తెర మీద చూసిన గీత పట్టుకుని చెరువు దాకా వచ్చాను వదినా. అక్కడి నుంచి తెలియలేదు, పిలుపు వినిపించింది, అటు వచ్చాను" అంది. నేనన్నాను, "నేను పిలవలేదు. పాడాను. నీకు తెలుసు ఏం పాడానో." ఎల్లే తన కోటు విప్పి నా మీద కప్పింది. కప్పుతూ అంది, "నేను విన్నది పిలుపే. ప్రార్థన ఇంట్లో ఎవరైనా అడిగినా అదే చెబుతాను. నోరు మూసుకుని ఈ కాఫీ తాగు." తర్వాత ఆ బకెట్లు అక్కడే పారేసి గుట్ట మీదికి పరిగెత్తింది, ఫోన్ అందే చోటికి. దాని వయసు ఎనభై ఒకటి. పరిగెత్తడం నేను చూశాను.

ఇప్పుడు నా వాదన. చివరిది.

పడవ అమ్మొద్దు. నీ అన్న దాన్ని ఒడ్డుకు లాగాడు గానీ అమ్మలేదు, నీ కోపం తగ్గుతుందేమోనని చూస్తున్నాడు. వచ్చే ఏడు మంచు కరిగాక నాకది కావాలి. డబ్బా నా మెడలోనే ఉంటుంది, నా మెడ అంటే నా మెడ, కొమ్ములు లేనిది. ఎర్ర మూత ఎలా తీయాలో ఎల్లే దగ్గర నేర్చుకున్నాను. అది పోలీసు ఉద్యోగం చేసే తన కొడుకు దగ్గర నేర్చుకుని వచ్చింది. ఏరు దాటితే నేనూ ఎల్లే ఇద్దరం దాటతాం. చెరువు వైపు అంచు, అది బతికున్నంతకాలం దాన్ని కోసుకోనిస్తాను. మధ్యలోకి వస్తే కర్ర పుచ్చుకుంటానని చెప్పాను. సరేనంది, కానీ దాని చూపు మధ్యలోనే ఉంది.

చిత్తడి నీది. మా అమ్మ నాకు మంచం మీద చెప్పింది, నేను అంతదాకా ఆగను. ఈ వేసవి మొదట్లో పడిన నా చుక్కలు నీ ఫోన్లో ఉండి ఉంటాయి. చుక్క ఎక్కడ ఎక్కువసేపు ఆగిందో అదే చోటు. ఇక వేరే వేరే దారుల్లో తిప్పను నిన్ను. వచ్చి పళ్ళు కోసుకో, లేకపోతే మీ నాన్న పాట పాడు. పాట రాకపోతే నేను నేర్పుతాను.

పటం మళ్ళీ తెరువు. నువ్వు చూడకపోతే ఆ డబ్బా ఉత్త డబ్బా. నేను మోసగించినందుకు నువ్వు నన్ను నమ్మకపోవచ్చు, కానీ చూడు. నీ అన్న తెర తీసేశాడు, క్లెమెత్ వెళ్ళి గోడ చూసి వచ్చాడు.

ఒక్కటి మాత్రం మార్చు. ఆ పెద్ద బొత్తాం మాట. "నేను క్షేమం" అనే మాట నా నోట రాదు, నొక్కబుద్ధి కూడా కాదు. మాటలు మనమే పెట్టుకోవచ్చని ఎల్లే చెప్పింది. దాని బదులు నేను నొక్కినప్పుడు నీ ఫోన్లో ఇలా రావాలి: "ఇంకా ఎర్రగానే ఉన్నాయి." ఆ మాటైతే పొద్దున చెబుతాను, మధ్యాహ్నం కూడా చెబుతాను, నువ్వు ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. బస్సు చివరి స్టాపులో అది చదువుకుని, మళ్ళీ తలుపులు మూసుకుని, నీ దారిన నువ్వు పోవచ్చు. నేను అబద్ధమాడుతున్నానో నిజం చెబుతున్నానో నీకు తెలుస్తుంది. ఆ మాట నీకు నేర్పింది నేనే.

రావ్నా చెవి గురుతు:
ఎడమ చెవి కొన కోసి వెనక రెండు గాట్లు, కుడి చెవికి ముందు ఒక గాటు. తన చేత్తోనే గీసింది.

ఇది నా ఎదుట చెప్పినది, చెప్పినట్టే రాశాను: క్లెమెత్, పక్కింటివాడు.

విన్నాను, ఒప్పుకున్నాను, చెరువు అంచు వరకే: ఎల్లే, ఆడపడుచు.